కండెల గోలెం

నా దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. ఒక వానాకాలమంతా నన్నూ నా భార్యనూ కుట్టిన దోమల లెక్క అందులో ఉంది. తిథి, పొద్దు, ఏ కాలు, మడమకు ఎన్ని వేళ్ల ఎత్తున, గోకినదా గోకనిదా అనే వివరాలు వేరువేరు గళ్లలో రాసి ఉన్నాయి. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన తరువాత మొదటి వానాకాలం అది. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నాకు అక్షరాలు దిద్దించిన పంతులు తిథి లేని మాటను మాటగా ఒప్పుకునేవాడు కాదు. అదీగాక ఆ లెక్కను నేను వేడుక కోసం మొదలుపెట్టలేదు. ఒక మనిషి మీద నేరం మోపడానికి సాక్ష్యంగా మొదలుపెట్టాను.

మా ఊరు చొప్పదండికి నడిచిపోయేంత దూరం. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేస్తాం. కింద కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆడుతూ ఉండాలి. పైన ఒక చెయ్యి అడ్డపోగు మోసే నాడెను విసరాలి, ఇంకొక చెయ్యి పోగును బిగించే అచ్చును గుద్దాలి. గుంతలో చెమ్మ ఉంటేనే పోగు తెగకుండా నిలుస్తుంది. చెమ్మా చీకటీ ఉన్నచోటికి దోమలు వచ్చి కూర్చుంటాయి. కుట్టినప్పుడల్లా చెయ్యి కిందికి పోతే నేత ఆగుతుంది, ఆగి మొదలుపెట్టినచోట బట్టలో సన్నని చార పడుతుంది. కాలి మీది దద్దును ఎవరూ చూడరు. బట్టలోని చారను మాత్రం కొనేవాడు వెలుతురుకు పట్టి మరీ చూస్తాడు. కనుక నేతగాడు పళ్లు బిగించి కుట్టించుకుంటాడు.

నా ఎడమపక్కన, గుంత గట్టుకు ఆనించి, మోకాలెత్తు మట్టి గోలెం ఒకటి ఉండేది. రాట్నం మీద నూలు చుట్టిన కండెలను నాడెలో పెట్టే ముందు ఆ గోలెం నీళ్లలో నానబెట్టేవాళ్లం. తడిసిన పోగు బిర్రుగా అల్లుకుంటుంది. నా భార్య ఆ గోలెం పక్కనే కాళ్లు చాపుకుని రాట్నం తిప్పేది. నీళ్లు తగ్గినప్పుడు నన్ను కన్న మా అవ్వ వచ్చి ఒక చెంబు పోసిపోయేది.

ఆషాఢ బహుళ ఏకాదశి నాడు నా భార్య ఎడమ చీలమండ మీద మూడు కాట్లు పడ్డాయి. ఆమె గోళ్ల సందుల్లో గంజీ, రంగునూలు మడ్డీ ఎప్పుడూ ఉండేవి. ఆ గోళ్లతోనే గోకింది. ద్వాదశి నాటికి రసి కారింది, త్రయోదశి నాటికి చీము పట్టింది.

పుస్తకంలో చతుర్దశి గడి ఖాళీగా ఉంటుంది. ఆ రోజు నేను ఒక నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాచి, కారిన నూనెను పుండు చుట్టూ చుక్కలుగా పెట్టాను. చాకలి బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది ఆ నూనెతోనే. నొప్పికీ వాపుకూ మా ఇళ్లల్లో పెట్టేదీ అదే. మరునాటికి ఒక్కొక్క చుక్క ఒక్కొక్క బొబ్బ అయింది. చర్మం ఊడింది, పాదం ఉబ్బింది, ఒళ్లు కాలింది. ఆ సంగతి నేను ఆ రోజు రాయలేదు, ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

మరునాడు అమావాస్య. అమావాస్య నాడు మా వాడకట్టులో మగ్గాలు ఆడవు. ఆమెను బస్సెక్కించి కరీంనగరం దవాఖానకు తీసుకుపోయాను. పుండు కట్టే కంపౌండరు నెరిసిన తల మనిషి. కట్టు విప్పి, బొబ్బలు చూసి, కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

"దోమ కుట్టిందంటివి. గీ బొబ్బలు దోమ పెట్టినయి కావు. ఎవలు పెట్టిన్రు?"

నా భార్య గోడవైపు చూస్తూ, "జీడి తాకింది" అంది. ఎవరు తాకించారో చెప్పలేదు.

"జీడా! మనిషనుకున్నరా, చాకలి మూటనుకున్నరా? మరి నిన్నమొన్ననే ఎందుకు తేలే?"

"ఇయ్యాల అమాస. మగ్గం ఆగే దినం."

"మగ్గం ఆగే దినం దాక కాలు ఆగాల్నా?"

అతను సబ్బునీళ్లతో పుండు కడిగాడు. ఆమె రెండు చేతుల గోళ్లూ తానే కత్తిరించాడు. తరువాత ఊదారంగు మందులో పుల్ల ముంచి, పిక్క మీదికి పాకిన ఎరుపుకు రెండు వేళ్ల ఎత్తున కాలి చుట్టూ ఒక గీత గీశాడు.

"జర ఇటు చూడు పెద్దమనిషీ. గీ ఎరుపు గీ గీత దాటిందా, అదే దినం తోలుకరా. జరం తిరగబెట్టినా, గజ్జల బిళ్ళ కట్టినా తోలుకరా. విషం మీదికెక్కినంక కాలు దక్కుడు కష్టం. మానే దాక గా కాలు మీద ఇంకొక్క దోమ వాలొద్దు. ఇంకోపారి ఎక్కడన్న కుడితే సబ్బుతోని కడుగు, సల్లటి తడిబట్ట ఎయ్యి, గోకనియ్యకు. గంతే. జీడొద్దు, సున్నమొద్దు, పొగాకొద్దు."

"మరేం పెట్టాలె?"

"నోరు మూసుకొని ఓపిక పెట్టు."

మూడు రోజులు దవాఖాన వరండాలో ఉన్నాం, రోజుకొక సూదిమందు. శ్రావణ శుద్ధ తదియ నాడు ఇంటికి వచ్చాం. ఆ రోజు నుంచి పొద్దున్నే నా మొదటి పని కాలు కొలవడం. తెల్లపోగు ఒకటి తీసుకుని మడమ ఎముక నుంచి ఎరుపు అంచుదాకా పట్టి ముడి వేసేవాణ్ణి. నిన్నటి పోగు పక్కన ఇవాళటి పోగు పెట్టి చూసేవాణ్ణి. తదియ నాడు ఎరుపుకూ గీతకూ మధ్య రెండు వేళ్ల సందు. షష్ఠి నాటికి ఒక వేలు. పాదం మీద కొత్త కాట్లు నాలుగు. నా కాళ్ల మీద ఆ ఒక్కరోజే పద్నాలుగు.

నేరస్థుడెవరో నాకు ముందే తెలుసు. మా మగ్గపు గది వెనకగోడ అవతల మా పెదనాయిన కొడుకు ఇల్లు. ఆ గోడ ఇల్లు పంచుకున్న ఏడు లేచింది. ఆనాడు అతను అన్న మాటలు తిథితో సహా నాకు గుర్తున్నాయి. అతని స్నానాల జలారు నీళ్లు గోడ కింది తూములోంచి మా వైపు మోరి కాలువలోకి వచ్చి, మా గది వెనక మడుగు కట్టేవి. సప్తమి నాడు గోడ దగ్గర నిలబడి పిలిచాను.

"అన్నా, నీ మోరినీళ్లు మా గోడ కింద నిలుస్తున్నయ్. దోమలు పుడుతున్నయ్."

"పుడితే? పురుడు నేను పొయ్యాల్నా?"

"నీ మరదలు కాలు పొయ్యేటట్టున్నదే."

"గా దోమకు నీ ఇల్లు నేను చూపిచ్చిన్నా తమ్మీ? దినాం పుస్తకంల రాస్తున్నవట గద, కుట్టినప్పుడు ఏమన్న నా పేరు చెప్పిందా?"

గోడ అవతల ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వును కూడా నేను రాసుకున్నాను. 'శుద్ధ సప్తమి, పొద్దు వాలుతుండగా, మూడు గొంతులు.'

అష్టమి నాడు అతను అంగడికని చొప్పదండి పోయాడు. అతను వీధి మలుపు తిరగడం చూసి నేను పని మొదలుపెట్టాను. పదకొండు రాళ్లు, రెండు గంపల బంకమట్టి, ఒక పాత గోనెసంచి. తూమును మా వైపు నుంచి పూడ్చాను. ఒక్కొక్క రాయిని ఇంకొక రాయికి ఆనించి, సందుల్లో మట్టిని బొటనవేలితో నొక్కి, పైన గోనె కప్పి, మళ్లీ మట్టి మెత్తాను. నా చేతులు అంత శ్రద్ధగా బట్ట కూడా నేయలేదు. మా గది వెనక మడుగును బూడిదతోనూ మట్టితోనూ నింపాను.

నవమి సాయంత్రం ముసురు పట్టింది. దశమి మధ్యాహ్నానికి అతని వాకిలి నిండింది. నిండిన నీళ్లు గడప దాటి లోపలికి పోయి, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోటు వెతుక్కున్నాయి. అది అతని మగ్గం గుంత. తొక్కుడు చెక్కలు తేలాయి. మగ్గం మీదున్న నిలువుపోగుల పడుగు తడిసింది. గంజి కడుక్కుపోయి, పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని జడలు కట్టాయి. అదంతా నేను చూడలేదు. గోడకు చెవి ఆనించి విన్నాను. అతను వానను కోపంగా తిట్టడం మొదలుపెట్టి, దాన్నే బతిమాలే గొంతుకు వచ్చేదాకా విన్నాను.

అతను తడిసిన ధోవతితో మా వాకిట్లోకి వచ్చాడు. "మోరి ఎవలు పూడిసిన్రు?"

"నాకెట్ల తెలుసన్నా. దోమ పూడిసిందేమో. పోంగ పోంగ నీ పేరు చెప్పింది."

అతను ధోవతి అంచు పిండుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లాక నేను తూము తెరిచాను. తీపి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పుస్తకంలో దశమి గడిలో ఎర్రసిరాతో గీత కొట్టి ఉంటుంది. ఇంట్లో ఎర్రసిరా పండుగ పద్దులకు మాత్రమే వాడేవాణ్ణి.

కాని కాట్లు తగ్గలేదు. ఏకాదశి నాడు పదిహేను. ద్వాదశి నాడు పదిహేడు. త్రయోదశి నాడు పంతొమ్మిది. మడుగు ఎండిపోయింది, దాని మీద మా అవ్వ పిడకలు కొట్టింది కూడా. అయినా చతుర్దశి పొద్దున నా భార్య పాదం మీద కట్టుకు కింద రెండు కొత్త దద్దులు కనిపించాయి. పోగు పట్టి కొలిచాను. ఎరుపుకూ ఊదా గీతకూ మధ్య అరవేలు. ఆమె ఆ పోగును చూడలేదు, నా ముఖాన్ని చూసింది.

"దాటిందా?"

"దాటలే."

"దాటితే చెప్పుతవా? నాకు కానరాకుంట ముడి జరుపుతవా?"

మరునాటి జంధ్యాల పౌర్ణమికి కూడా మగ్గం ఆగుతుంది గాని, అందాకా ఆగలేదు. మగ్గం మీద నాడెను అలాగే వదిలి ఆ రోజే కరీంనగరం పోయాం. కంపౌండరు పుండు కడిగి, సూదిమందు ఇప్పించి, "కొత్త కాట్లెక్కడివి?" అని గద్దించాడు. నేను పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. సాక్ష్యం చూపించే అవకాశం వచ్చిందని నాకు గర్వంగానే ఉంది. కొన్ని పుటల్లో చచ్చిన దోమలను గంజితో అంటించి కూడా పెట్టాను. అతను ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి చదివాడు.

"పొద్దుగాల ఏడు. మల్ల పొద్దు వాలంగ ఎనిమిది. దీపం పెట్టినంక?"

"ఒకటో రెండో."

"గీ అంటిచ్చినయన్నిటికి కాళ్ల మీద తెల్లచారలు. చూసినవా?"

"చూసిన. రాసిన గూడ."

"రాసినవ్. గింత మంచిగ రాసినవ్ గని, ఒక్కపారన్న సదివినవా?" పుస్తకం నావైపు తిప్పాడు. "మోరిల పుట్టిన దోమ చీకటి పడ్డంక కుడుతది. పట్టపగలు కుట్టే గీ చారలది మోరి మొగమే చూడది. ఇంట్ల దాసుకున్న నీళ్లల్ల పుడుతది. కుండ, తొట్టి, గోలెం. ఏడెనిమిది దినాలు నీళ్లు కదలకుంటే చాలు. మీ ఇంట్ల అసొంటి నీళ్లెక్కడున్నయ్?"

"లేవు. తాగే నీళ్లు దినాం మారుస్తం."

అతను పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. బస్సులో నా భార్య కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చుంది. బస్సు గంగాధర ఊరు దాటాక ఆమె నెమ్మదిగా అంది, "గోలెం ఉన్నది గద."

కండెల గోలెం నీళ్లు పారబోయరాదు. మా ఇంట్లో అది అడుగు వేయడం కంటే ముందు నేర్చుకున్న మాట. తగ్గితే పోయాలి, అంతే. పాతనీళ్లలో పోగుల గంజి కరిగి ఉంటుంది కనుక నూలు మెత్తబడుతుందని నేతగాళ్లు అంటారు. గోలెం బోర్లిస్తే మగ్గం ఆగుతుందని మా అవ్వ అంటుంది. ఆ గోలెం మా తాతది. అందులో మొదటి చెంబు పోసింది ఆయన. ఆ తరువాత దాని అడుగు చూసినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఇంటికి వచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే, కంచు గిన్నెతో గోలెంలో ముంచి వాకిట్లో వెలుతురుకు పట్టాను. నీళ్లలో వెంట్రుకల్లాంటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. గిన్నె కదిపితే కొంకర్లు తిరుగుతూ అడుగుకు పోయాయి. కొన్నిటికి అప్పటికే తల ఉబ్బి ఉంది. లెక్కపెట్టాను. అరవైమూడు. గోలెం నలభై గిన్నెలు పడుతుంది. రెండువేల అయిదువందల ఇరవై. నేను ఇన్ని రోజులుగా వాటిని నా ఇంట్లోనే, నా ఎడమ మోచేతి పక్కనే, చెంబు చెంబు నీళ్లు పోసి పెంచుతున్నాను.

గోలెం అంచు పట్టుకుని దొర్లించడం చూసి మా అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏంజేస్తున్నవ్ బిడ్డా?"

"పారబోస్తున్న అవ్వా."

"తాత పోసిన నీళ్లురా అవి!"

"తాత పోసిన నీళ్లే నీ కోడలి కాలు తింటున్నయ్."

"మగ్గం ఆగుతది, చెప్పుతున్న."

"ఆగనీ."

ముసురు విడిచి ఎండ కాస్తోంది. వాకిట్లో బండ వేడెక్కి ఉంది. నీళ్లన్నీ ఆ బండ మీద కుమ్మరించాను. నీళ్లు పారిపోయాయి, పురుగులు మిగిలాయి. బండ మీద ఎగిరిపడ్డాయి, మెలికలు తిరిగాయి, కొంచెం కొంచెంగా నిలిచిపోయాయి. నేను గొంతుక్కూర్చుని ఒక్కటి కూడా కదలకుండా అయ్యేదాకా చూశాను. ఒకటి బండ పగులులో మిగిలిన చుక్క తడిలోకి పాకింది. దాన్ని పుల్లతో ఎండలోకి లాగాను. నా జీవితంలో దేన్నీ అంత ఓపికగా చంపలేదు. తరువాత ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో గోలెం లోపలి అంచునంతా తోమాను. నీళ్లు ఆనినచోట నల్లని నూకలాంటివి అంటుకుని ఉన్నాయి. అవి గుడ్లు కావచ్చునని తోచి, పీచును పొయ్యిలో వేశాను.

నా భార్య గడపలో కూర్చుని ఇదంతా చూసింది. నేను చేతులు కడుక్కుని వచ్చాక అడిగింది.

"గోలెంల పుట్టినయ్. మరి బావ మగ్గం ఎందుకు ముంచినవ్?"

"నీ కాలు కోసమే గద."

"కాలు నాది. పగ నీది. ఇల్లు పంచుకున్ననాటి పగ, నా కాలు అడ్డం పెట్టుకొని తీర్సుకున్నవ్. జీడి ఎవలు పెట్టిన్రో కంపౌండర్‌కు నేను చెప్పలే. మోరి ఎవలు పూడిసిన్రో బావకు నువ్వు చెప్పాలె. నువ్వు పోకుంటే నేనే కుంటుకుంట పోత."

ఆమె కుంటుకుంటూ ఆ వాకిలి దాకా పోతే ఊరంతా చూస్తుంది. బహుళ తదియ నాడు నేనే పోయాను. అతను అతుక్కుపోయిన పడుగును ముందు పెట్టుకుని, పోగుకు పోగు విడదీస్తున్నాడు. చెప్పవలసింది నిలబడే చెప్పాను. దోమలు నా గోలెంలో పుట్టాయని కూడా చెప్పాను. అతను తల ఎత్తలేదు. ఇంకొక పోగు విడదీసి అన్నాడు.

"తప్పు కట్టే పైసలు నాకొద్దు. కొత్త పడుగు పోస్తున్న. ఎల్లుండి పొద్దుగాల దానికి గంజి నువ్వే పెట్టాలె, వాడకట్టు నడుమల. వచ్చేటప్పుడు నీ పుస్తకం పట్టుకరా."

"పుస్తకం ఎందుకు?"

"నీ చేతులు ఖాళీ ఉండయి. నీ కాట్లు నేను రాస్త."

పంచమి నాడు తెల్లవారగానే వీధి పొడవునా పడుగు చాపారు. గంజి పెట్టడమంటే రెండు చేతులా పెద్ద కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ, గంజి ఆరేలోగా ప్రతి పోగునూ దువ్వడం. మధ్యలో చెయ్యి తీస్తే ఆగినచోట పోగులు ముద్ద కడతాయి. అతను గడప ముందు ముక్కాలిపీట వేసుకుని, నా పుస్తకం ఒడిలో పెట్టుకుని, పెన్సిలును నాలుకకు తడిపాడు. తెల్లచారల దోమకు కూడా అదే పొద్దు ఇష్టం.

"ఒకటి. ఎడమ పిక్క. గోకకు తమ్మీ, పోగులు అతుకుతయ్. రెండు. గదే పిక్క, జర కింద. మడమకు ఎన్ని వేళ్లు? ఆరు రాయాల్నా, ఏడు రాయాల్నా?"

గడపల్లో జనం చేరారు. ఎవరో ముసలాయన, "రాసేటోడు మంచిగ దొరికిండు" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తొమ్మిది. కుడి మోకాలెనుక. గిది కూసున్నది లేస్తలేదు. పదకొండు. గిది జర లావున్నది, ఒకటిన్నర అని రాస్త."

నేను కుంచె ఆపలేదు. కళ్లలో నీళ్లు తిరిగినా తుడుచుకోలేదు. ఇరవైమూడు కాట్లకు పడుగు పూర్తయింది. ఆ పుటలో దస్తూరీ నాది కాదు. అక్షరాలు గొప్పగా లేవు గాని లెక్క మాత్రం సరిగ్గా ఉంది. నేను సరిచూశాను. మా అవ్వ ఆ రోజు మా వాకిట్లో కూర్చుని, ఖాళీ మగ్గం వైపు చూపించి, "నేను చెప్పలే?" అంది.

కుంచె కడగడానికి అతని మగ్గపు గదిలోకి పోయాను. గుంత గట్టుకు ఆనించి అతనికీ ఒక గోలెం ఉంది. మా తాత గోలేనికి జత అది, ఇంటితో పాటు పంచుకున్నది. ఊర్కే వంగి చూశాను. వెలుతురు చాలకపోయినా తెలిసింది. తలకిందులుగా వేలాడుతున్నాయి. వరద వచ్చిననాడు కూడా అతను దాన్ని బోర్లించలేదు.

నేను కుంచె కడిగి, మూల నిలబెట్టి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి వచ్చాను. ఆ రోజు గడిలో నా దస్తూరీతో ఒక మాట అదనంగా ఉంది: 'కుట్టనీ.'

పంచమి నుంచి తొమ్మిది రోజులు ఆ మాటను పెద్ద పండును దాచుకున్నట్టు దాచుకున్నాను. గోడ అవతల కాలు మీద అరచెయ్యి పడిన చప్పుడు వినిపించినప్పుడల్లా నాలో నేను లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకటి. ఎడమ పిక్కా, కుడి పిక్కా? రాసేవాళ్లు లేరే, పాపం. మా ఇంట్లో కాట్లు తగ్గుతూ వచ్చాయి: పన్నెండు, తొమ్మిది, ఏడు, నాలుగు. నా భార్య కాలి ఎరుపు దిగింది. గీతకు మూడు వేళ్లు, తరువాత నాలుగు వేళ్లు. పుండు అంచులు దగ్గరికి వచ్చాయి. నాలుగు దగ్గర మాత్రం లెక్క ఆగిపోయింది. నాలుగు, నాలుగు, మళ్లీ నాలుగు. గోలెం ఆరబెట్టినా, గుంత ఊడ్చినా, వేపాకు పొగ వేసినా నాలుగే.

బహుళ చతుర్దశి పొద్దున పోగు పట్టుకుని ఆమె కాలి దగ్గర కూర్చున్నాను. మానుతున్న పుండు పక్కనే ఒక కొత్త దద్దు. ఆమె నిద్రలో గోకినట్టుంది, చుట్టూ ఎర్రబడి ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

గోడ వైపు చూశాను. నిలువెత్తు గోడ. అటు అతని గోలెం, ఇటు ఆమె కాలు, మధ్య పది అడుగులు కూడా లేవు. ఆ గోడ మనుషులు పంచుకున్నది, దోమలు పంచుకోలేదు. తొమ్మిది రోజులు నేను అతని మీదికి తోలుతున్నాననుకున్నవి రోజుకు నాలుగు చొప్పున నా ఇంటికే వస్తున్నాయి.

చెప్పులు వేసుకోకుండానే పోయాను.

"అన్నా, నీ గోలెం బోర్లియ్యాలె. ఇప్పుడే. అండ్ల పురుగులున్నయ్."

"నీకెట్ల తెలుసు?"

"చూసిన."

"ఎన్నడు?"

అబద్ధం చెప్పడానికి నాలుక లేచింది. తిథి అడిగిన మనిషికి తప్పు తిథి చెప్పడం నా వల్ల కాలేదు. "పంచమి నాడు. కుంచె కడగవచ్చినప్పుడు."

అతను వేళ్లు మడిచాడు. "ఇయ్యాల చతుర్దశి. తొమ్మిది దినాలు." లోపలికి పిలిచాడు. అతని చిన్నబిడ్డ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె రెండు మోకాళ్ల కిందా గోకిన పొక్కులు ఎండి నల్లబడి ఉన్నాయి. "గివి గూడ రాసుకున్నవా తమ్మీ?"

రాసుకోలేదు. ఆ పిల్ల నా లెక్కలోకి రానే లేదు.

అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. గోలెం అంచు ఒకవైపు పట్టుకుని, రెండోవైపు నాకు కళ్లతో చూపించాడు. ఇద్దరం కలిసి వాకిట్లోకి మోసి బోర్లించాం. పిల్ల గోళ్లు తీయమని, సబ్బుతో కడగమని, తడిబట్ట వేయమని, ఏ పసరూ ఏ జీడీ పెట్టవద్దని కంపౌండరు చెప్పినదంతా మాట తప్పకుండా చెప్పాను. వారానికొకసారి గోలెం ఖాళీ చేసి, తోమి, ఎండబెట్టాలని చెప్పాను.

"ఏ వారం?"

"బుధవారం."

"నువ్వు బోర్లిస్తవన్న నమ్మకమేంది?"

"నువ్వు బోర్లిస్తవన్న నమ్మకమేంది?"

ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాం. ఆ విషయంలో మాత్రం మాకు పేచీ రాలేదు.

నా భార్య పుండు భాద్రపదంలో మానింది. ఊదా గీత అంతకంటే ముందే స్నానాల్లో కడుక్కుపోయింది. చీలమండ మీద చింతగింజంత నల్లమచ్చ ఉంది, దాని చుట్టూ జీడి చుక్కల మచ్చలు ఆరు. చీర కట్టుకునేటప్పుడు ఆ కాలును నావైపు తిప్పి పెడుతుంది. కావాలనే పెడుతుందని నాకు తెలుసు.

ఇన్నేళ్లలో మేము అన్నదమ్ములం ఒకరింట్లో ఒకరం నీళ్లు తాగలేదు. బుధవారం మధ్యాహ్నం మాత్రం నేను నా గోలెం బోర్లించి, చెవి గోడకు ఆనిస్తాను. అవతల బండ మీద నీళ్లు పడిన చప్పుడు వినేదాకా నా గోలేన్ని నిలబెట్టను. అతనూ అంతే. కిందటి బుధవారం చప్పుడు రాలేదు. పొద్దు వాలుతున్నదాకా చూసి, గోడ దగ్గరికి పోయాను.

"ఏమన్నా, బోర్లిచ్చినవా లేదా?"

"నువ్వు ముందుగాల బోర్లియ్యి. నేనిక్కడ ఎప్పటిసంది చెవి పెట్టుకొని నిలుసున్న."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మరిచిపోయింది నేను. గోలెం దొర్లించి బండ మీద కుమ్మరించాను. గోడ అవతల కూడా నీళ్లు పడ్డాయి. లోపలికి వచ్చి తిథి వేసి, రెండు గోలేలూ రాసి, ఆలస్యం ఎవరిదో కూడా రాశాను.